క్యాన్సర్ జాగ్రత్త కోసం కూరగాయలు తింటున్నారా? కోయడం, ఆగడం, వండడం ఇలా

“ఏ కూరగాయ తింటే క్యాన్సర్ రాదు?” ఆహారం గురించి నాలుగు ముక్కలు రాసేవాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. అలాంటి కూరగాయ లేదని చెప్పగానే అడిగినవారి ముఖం చిన్నబోతుంది. వెంటనే రెండో విడత ప్రశ్నలు మొదలవుతాయి. “మరి వెల్లుల్లి పచ్చిగా మింగాలా, వేయించుకోవచ్చా? బ్రకోలీ ఉడికిస్తే అందులోని మంచంతా పోతుందట, నిజమేనా? పసుపు మాత్రలు వేసుకుంటే సరిపోదా?” మొదటి ప్రశ్నకు లేని జవాబు ఈ రెండో విడత ప్రశ్నలకు ఉంది. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక హద్దు గీసుకుందాం. ఇక్కడ చెప్పేవన్నీ క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని కొంత తగ్గించవచ్చని పరిశోధకులు భావిస్తున్న పదార్థాలు. వచ్చిన క్యాన్సర్‌ను ఇవి నయం చేయవు. ఆధారాలు కూడా అన్నింటికీ ఒకేలా లేవు. పీచు, పొట్టు తీయని ధాన్యాలు పెద్దపేగు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయనడానికి మనుషుల మీద చేసిన అధ్యయనాల్లో మంచి ఆధారమే ఉంది. బ్రకోలీ, వెల్లుల్లి, పసుపు లాంటివాటి విషయంలో గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద, ఎలుకల మీద వచ్చినంత బలమైన ఫలితాలు మనుషుల్లో ఇంకా రాలేదు. అయినా ఇవన్నీ ఎలాగూ తినదగిన ఆహారమే కాబట్టి, తినేదేదో వాటిలోని సారం పోకుండా తినడం తెలివైన పని.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. మనకు పనికొచ్చే పదార్థాల్లో కొన్ని మొక్కలో తయారుగా ఉండవు. వెల్లుల్లి రెబ్బలో ముడిసరుకు ఒక గదిలో, దాన్ని మార్చే ఎంజైమ్ మరో గదిలో ఉంటాయి. పురుగు కొరికినప్పుడు గోడలు పగిలి, రెండూ కలిసి, ఘాటైన పదార్థం పుడుతుంది. అది పురుగును తరమడానికి మొక్క దాచుకున్న ఆయుధం. మన వంటింట్లో ఆ పురుగు పని చేసేది కత్తి. ఆ ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. కోసిన వెంటనే పొయ్యి మీద పడేస్తే ఆయుధం తయారు కాకముందే కార్ఖానా తగలబడుతుంది. కింది అంచెల్లో బ్రకోలీ, వెల్లుల్లి అంచెలు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ఏమేం కావాలి

- వంటింటి త్రాసు. గ్రాముల్లో చూపేది ఏదైనా సరే.
- పదునైన కత్తి, వెల్లుల్లి దంచడానికి చిన్న రోలు.
- ఆవిరి మీద ఉడికించే గిన్నె. లేకపోతే లోతైన గిన్నెలో రెండు వేళ్ల మందాన నీళ్లు పోసి, పైన జల్లెడ పెట్టి మూత వేయండి.
- సమయం చూసుకోవడానికి ఫోను.
- వేయించని ఆవాల పొడి, కొంచెం వంటనూనె, మిరియాలు.
- అవిసె గింజలు, బిగుతైన మూత ఉన్న చిన్న గాజు సీసా.
- మీరు వాడుతున్న మందుల చీటీ. అన్నింటికంటే ముందు కావలసింది ఇదే.

అంచె 1: మందుల చీటీ చూసుకోండి

కత్తి పట్టుకునే ముందు చీటీ పట్టుకోండి. కింది వాటిలో ఏదైనా మీకు వర్తిస్తే ముందుగా డాక్టరుతో మాట్లాడండి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడేవారు ఆకుకూరలను ఉన్నట్టుండి పెంచకూడదు, ఉన్నట్టుండి మానకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే డాక్టరు దానికి తగ్గట్టు మందు సర్దుతారు. గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు సిమ్వాస్టాటిన్ లాంటి కొన్ని కొలెస్ట్రాల్ మందుల మోతాదును రక్తంలో ప్రమాదకరంగా పెంచుతుంది. బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు పనిని గ్రీన్ టీ సారం అడ్డుకున్నట్టు ప్రయోగశాలలో తేలింది. టమాక్సిఫెన్ అనే రొమ్ము క్యాన్సర్ మందు వాడేవారు సోయాను మామూలు ఆహారంగా తినవచ్చు, సోయా సారంతో చేసిన మాత్రల జోలికి మాత్రం వెళ్లకూడదు. శస్త్రచికిత్స ఉంటే వెల్లుల్లి, పసుపు మాత్రల సంగతి సర్జన్‌కు చెప్పండి, రక్తం గడ్డకట్టడం ఆలస్యం కావచ్చు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు పాలకూర, పసుపు విషయంలో అతి చేయకండి.

కీమో జరుగుతున్నప్పుడు ఈ వ్యాసాన్ని పక్కన పెట్టేయండి. అప్పుడు మీ వైద్య బృందం చెప్పిందే ఆహారం.

అంచె 2: మూడు రోజులు తూకం వేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటుంది. బంగాళాదుంప లాంటి పిండి దుంపలు ఈ లెక్కలోకి రావు. తొక్క, గింజ తీశాక, వండకముందు తూచి మూడు రోజులు రాసుకోండి.

“మేము బాగానే తింటాం” అని ఈ అంచెను దాటేయకండి. నేనూ అలాగే అనుకున్నాను. నా అంచనాలో అరకిలో ఉన్నది త్రాసు మీద 260 గ్రాములు తేలింది. ఒక కప్పు కూరలో సగం నీళ్లు, మిగతాదాంట్లో సగం బంగాళాదుంప. ఈ లెక్క తేలకుండా పసుపులో మిరియాలు వేయాలా వద్దా అని తలపట్టుకోవడం, పునాది లేకుండా కిటికీలకు రంగులు ఎంచడమే.

అంచె 3: పీచును నెమ్మదిగా పెంచండి

లక్ష్యం రోజుకు సుమారు 30 గ్రాములు. ఉడికిన పప్పుధాన్యాలు 100 గ్రాములు తింటే సుమారు 8 గ్రాములు వస్తుంది. తొక్కతో ఒక మోస్తరు ఆపిల్‌లో 4 గ్రాముల దాకా ఉంటుంది. పొడి ఓట్స్ 100 గ్రాములకు దగ్గర దగ్గర 10 గ్రాములు. ఈ పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగు గోడ కణాలకు అదే ప్రధాన ఇంధనం.

ఎక్కువమంది పొరపాటు పడేది వేగంలో. ఒక్క రోజులో పది గ్రాముల నుంచి ముప్పైకి ఎగబాకితే పొట్ట ఉబ్బి, మూడో రోజుకే మానేస్తారు. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి, నీళ్లు కూడా పెంచండి. పేగులో ఇరుకు లేదా ఇటీవల పేగు ఆపరేషన్ ఉంటే ఈ అంచె మీకు కాదు.

అంచె 4: బ్రకోలీ, క్యాబేజీ జాతి: కోయండి, ఆగండి, ఆవిరి పట్టండి

బ్రకోలీ, క్యాబేజీ, కాలిఫ్లవర్, ముల్లంగి, ఆవ ఆకు అన్నీ ఒకే కుటుంబం. బ్రకోలీలో గ్లూకోరాఫనిన్ అనే ముడిసరుకు ఉంటుంది. మైరోసినేజ్ అనే ఎంజైమ్ దాన్ని సల్ఫోరాఫేన్‌గా మారుస్తుంది. మన కణాల్లో విషాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్‌లను ఈ సల్ఫోరాఫేన్ తట్టిలేపుతుంది.

1. కడిగి, నీరు కారనిచ్చి, వీలైనంత చిన్న ముక్కలుగా కోయండి. కాడను పారేయకండి, పై తొక్క చెక్కి అదీ కోయండి.
2. పళ్లెంలో పరచి 30 నుంచి 40 నిమిషాలు వదిలేయండి. ఒక ప్రయోగంలో సన్నగా తరిగిన బ్రకోలీని 90 నిమిషాలు ఆపి వేయిస్తే, వెంటనే వేయించినదానికంటే 2.8 రెట్లు సల్ఫోరాఫేన్ కనిపించింది. గంటన్నర ఆగే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి అరగంట అంటున్నాను.
3. నీళ్లు మరిగాక ఆవిరి మీద 3 నుంచి 4 నిమిషాలు ఉంచండి. రంగు ఒక్కసారిగా పచ్చగా మెరిసినప్పుడు దించండి.
4. వెంటనే మూత తీసేయండి. మూత వేసి ఉంచితే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటుంది.

ఆగే సమయం లేదా? మామూలుగానే వండేయండి. వడ్డించే ముందు 200 గ్రాముల ఉడికిన బ్రకోలీకి 1 గ్రాము, అంటే సుమారు అర టీస్పూన్, పచ్చి ఆవాల పొడి చల్లి కలపండి. ఆవాలలో అదే ఎంజైమ్ ఉంది. మనుషుల మీద చేసిన ఒక పరీక్షలో ఇలా తిన్నవారి శరీరానికి సల్ఫోరాఫేన్ నాలుగు రెట్లకు పైగా అందింది. నాకు బాగా నచ్చిన కిటుకు ఇదే, ఎందుకంటే బద్ధకానికి కూడా ఇందులో చోటుంది. నూనెలో చిటపటలాడించిన ఆవాలు ఇందుకు పనికిరావు, వాటి ఎంజైమ్ అప్పటికే పోయి ఉంటుంది. పొడిని పొయ్యి మీద ఉండగా కాకుండా దించాకే చల్లండి.

గడ్డకట్టించి అమ్మే బ్రకోలీ వాడుతుంటే ఆవపొడి తప్పనిసరి అనుకోండి. దాన్ని మూటగట్టే ముందు వేడినీళ్లలో ముంచి తీస్తారు, ఆ వేడికే ఎంజైమ్ పోతుంది. ఎంతసేపు ఆగినా లాభం ఉండదు.

నీళ్లలో ఉడికించి వార్చేస్తున్నారా? ముడిసరుకు నీళ్లలో కరిగి పోతుంది. ఆ నీళ్లను సూప్‌లో వాడుకోండి.

మొలకల సంగతి: మూడు రోజుల బ్రకోలీ మొలకల్లో ఎదిగిన పువ్వులో కంటే ఎన్నో రెట్లు గ్లూకోరాఫనిన్ ఉంటుందని 1997లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ తలలే బృందం ప్రకటించింది. అప్పటి నుంచి మొలకల మోజు తగ్గలేదు. కానీ మొలకెత్తించే వెచ్చదనం, తేమ బ్యాక్టీరియాకూ ఇష్టమే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఇ. కోలై అనే బ్యాక్టీరియా యాభై మందికి పైగా ప్రాణాలు తీసింది. గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి మొలకలు తినవద్దు. బాగా ఉడికించి, పైన ఆవపొడి చల్లుకుంటే జబ్బు భయం, సారం పోతుందన్న భయం రెండూ తీరుతాయి.

అంచె 5: వెల్లుల్లి: దంచి పది నిమిషాలు మరిచిపోండి

ఇక్కడా అదే కథ. అల్లీన్ అనే పదార్థం అల్లినేజ్ ఎంజైమ్‌తో కలిసి అల్లిసిన్ అవుతుంది. పొట్టు ఒలిచిన మంచి రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, వాసన దాదాపు ఉండదు. రోట్లో ఒక్క దెబ్బ వేయండి, రెండు క్షణాల్లో కళ్లకు తగులుతుంది. ఆ ఘాటు అంతకుముందు అందులో లేదు, మీ దెబ్బతో పుట్టింది.

1. మంట వెలిగించకముందే రెబ్బలు దంచండి లేదా సన్నగా తరగండి. వంటలో మొదటి పని ఇదే కావాలి.
2. పది నిమిషాలు కదపకండి. ఈలోగా మిగతా కూరగాయలు తరుక్కోవచ్చు. 2001లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో, దంచకుండా ఒక్క నిమిషం మైక్రోవేవ్‌లో పెట్టిన వెల్లుల్లి తన రక్షణ గుణాన్ని పోగొట్టుకుంది. దంచి పది నిమిషాలు ఆపి వేడి చేస్తే ఆ గుణం కొంత నిలిచింది.
3. నూనెలో వేశాక సన్నని సెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా చాలు. నల్లబడితే చేదు, సారమూ ఉండదు.
4. నిమ్మరసం, వెనిగర్ కలపాలనుకుంటే పది నిమిషాల తర్వాతే. పులుపు ఎక్కువైతే ఎంజైమ్ పని ఆగిపోతుంది.

రోజుకు ఒకటి రెండు రెబ్బలు ఆహారంలో భాగంగా చాలు. పరగడుపున పచ్చి రెబ్బను మాత్రలా మింగేవారు కొందరుంటారు. నలగని రెబ్బలో రసాయన చర్య సరిగ్గా జరగదు, కడుపులోని ఆమ్లం ఆ ఎంజైమ్‌ను అక్కడే ఆపేస్తుంది. మిగిలేది మంట, తేనుపులు.

పెద్ద హెచ్చరిక: దంచిన వెల్లుల్లిని నూనెలో ముంచి బయట నిల్వ చేయకండి. గాలి తగలని ఆ చోట బొటులిజం అనే ప్రాణాంతక జబ్బును కలిగించే బ్యాక్టీరియా పెరిగి విషం చిమ్ముతుంది. వాసన, రంగు మారవు కాబట్టి పట్టుకోలేరు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఇలాంటి సీసాల వల్ల 36 మంది జబ్బుపడ్డారు. ఏ పూటది ఆ పూట దంచుకోండి.

దంచిన వెల్లుల్లి ఒక్కోసారి నీలంగా, ఆకుపచ్చగా మారుతుంది. అది చెడిపోయినట్టు కాదు, గంధకం ఉన్న పదార్థాలు చేసే రంగుల ఆట. భయపడకుండా వాడండి.

అంచె 6: టమాటా: ఇక్కడ లెక్క తిరగబడుతుంది

బ్రకోలీని వేడి నుంచి కాపాడాం. టమాటాకు మాత్రం వేడి కావాలి. దాని ఎర్ర రంగైన లైకోపీన్ కణాల గోడల్లో ఇరుక్కుని ఉంటుంది, నూనెలో తప్ప కరగదు. 88 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు ఉంచితే శరీరానికి అందగల లైకోపీన్ ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగిందని 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అరగంటకు విటమిన్ సి దాదాపు 30 శాతం తగ్గింది. దాన్ని పచ్చి పండ్లతో భర్తీ చేసుకోవచ్చు.

బాగా పండినవి తరిగి, రెండు చెంచాల నూనెలో వేసి, సన్నని సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు మగ్గించండి. తొక్క తీయకండి. సరిగ్గా వచ్చిందో లేదో నూనె చెబుతుంది: అంచుల్లో తేలే నూనె పసుపు నుంచి నారింజ ఎరుపుకు మారి ఉంటే లైకోపీన్ అందులోకి దిగినట్టు. నూనె మామూలు రంగులోనే ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. క్యారెట్‌కూ, గుమ్మడికీ ఇదే సూత్రం.

అంచె 7: పసుపు: చిటికెడుతో సరిపెట్టుకోండి

పసుపులోని కర్కుమిన్ మీద జరిగినన్ని ప్రయోగాలు మరో దినుసు మీద జరిగి ఉండవు. అయితే పసుపు పొడిలో అది సుమారు 3 శాతమే. చెంచాడు పసుపులో 100 మిల్లీగ్రాముల లోపే. అందులోనూ పేగు నుంచి రక్తంలోకి చేరేది అత్యల్పం. 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల సారం, ఇస్తే రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగిందని 1998లో తేలింది. కాబట్టి వంటలో నూనె, పసుపు, కొన్ని మిరియాలు కలపడంలో తప్పులేదు, లాభం కొంత ఉండవచ్చు.

ఆ ఇరవై రెట్ల అంకెను చూసి మాత్రలకు పరుగెత్తకండి. మిరియాల సారం కలిపిన గాఢమైన పసుపు మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పైగా పైపరిన్ కొన్ని ఇతర మందుల శోషణను కూడా పెంచేస్తుంది.

అంచె 8: అవిసె గింజలు: పొడి చేయకపోతే వృథా

అవిసె గింజల్లోని లిగ్నాన్లు అనే పదార్థాలను మన పేగు బ్యాక్టీరియా మార్చితేనే శరీరానికి పనికొస్తాయి. గింజ గట్టి పొట్టుతో అలాగే వస్తే బ్యాక్టీరియాకు అందదు, ఎలా వెళ్లిందో అలా బయటికి వచ్చేస్తుంది. పొడి చేసుకుని రోజుకు ఒక టీస్పూన్‌తో మొదలుపెట్టి, రెండు వారాల్లో ఒక టేబుల్ స్పూన్ దాకా పెంచండి. వెంట ఒక గ్లాసు నీళ్లు తప్పనిసరి.

ఒక వారానికి సరిపడానే పొడి చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. నేను ఒకసారి సోమరితనంతో అరకిలో ఒకేసారి పొడి చేశాను. నెల తిరిగేసరికి సీసా మూత తీస్తే పాత రంగు డబ్బా వాసన. అవిసె నూనెనే రంగుల్లో కలుపుతారు కదా, గాలి తగిలితే అదే పని అక్కడా మొదలుపెడుతుంది. ఆ వాసన వస్తే పారేయడమే. యాంటీబయాటిక్స్ వాడితే కొన్నాళ్లు ఈ మార్పిడి పని మందగిస్తుంది, మోతాదు పెంచినంత మాత్రాన అది సరికాదు.

అంచె 9: గ్రీన్ టీ

ఇష్టమైతే తాగండి. లేకపోతే బలవంతంగా మొదలుపెట్టనవసరం లేదు. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో వర్గీకరించింది. కప్పులో పోశాక ఐదు నిమిషాలు ఆగండి, పెద్ద గుక్క నొప్పి లేకుండా దిగాలి. సారం మాత్రలు వద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములకు పైగా ఈజీసీజీని (గ్రీన్ టీలోని ముఖ్య పదార్థం) మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయానికి ఇబ్బంది మొదలవుతున్నట్టు ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

జనం చేసే పొరపాట్లు

మాత్రలతో ముగించాలనుకోవడం. నేను ఎక్కువగా వాదించేది ఈ విషయం మీదే. పసుపుపచ్చ కూరగాయలు ఎక్కువ తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ వస్తోందని ఒకప్పుడు గమనించారు. ఆ మేలు బీటా కెరోటిన్‌దే అయివుంటుందనుకుని ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: అది వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో ఇలాంటి మరో ప్రయోగంలో 28 శాతం ఎక్కువని తేలడంతో 1996లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. క్యారెట్‌లో హాని చేయనిది మాత్రలో చేసింది. పొగతాగేవారు, పొగ మానేసినవారు బీటా కెరోటిన్ మాత్రల పెట్టెను ముట్టుకోవద్దు. క్యాన్సర్ నివారణ కోసం మాత్రలు వాడవద్దని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ సూటిగానే చెబుతోంది.

రసం పిండి పిప్పి పారేయడం. పారేసిన పిప్పిలోనే అంచె 3 ఉంది.

“మొక్కదే కదా, హాని ఏముంది” అనుకోవడం. బిళ్ళగన్నేరు మొక్క నుంచే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు తీస్తారు. అది విని ఆకులు నమిలేవారున్నారు. ఆ మందును శరీర కొలతలు చూసి, మిల్లీగ్రాముల్లో కొలిచి, నరంలోకి ఎక్కిస్తారు. ఆకు నమిలితే దక్కేది విషం. ఆప్రికాట్ గింజల్లోని పప్పును ‘విటమిన్ బి17’ పేరుతో అమ్ముతారు. అది విటమినే కాదు, కడుపులో సైనైడ్‌ను విడుదల చేస్తుంది. దానిలోని పదార్థాన్ని 178 మంది క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూస్తే మేలేమీ కనిపించలేదని 1982లోనే ప్రకటించారు.

బూజు పట్టిన గింజలను దులిపి తినడం. వేరుశనగ, మొక్కజొన్న, ఎండు గింజల మీద పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయ క్యాన్సర్‌కు అది రుజువైన కారణం. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. ముడతపడిన, రంగు మారిన, నోట్లో చేదు తగిలిన గింజను ఉమ్మేయండి. పదిరకాల మంచి పదార్థాలు వెతికేకంటే ఈ ఒక్క చెడ్డదాన్ని పారేయడం సులువు.

ద్రాక్షలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం కోసం వైన్ తాగడం. మద్యం క్యాన్సర్ కారకమని 1988లోనే తేల్చారు. ఆ పదార్థమే కావాలంటే ద్రాక్ష తినండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడం

క్యాన్సర్ రాకపోవడాన్ని ఇంట్లో కొలవలేరు. వంటను మాత్రం ఇంద్రియాలతోనే పరీక్షించవచ్చు.

- కోసి ఆపిన క్యాబేజీ లేదా ముల్లంగి ముక్క నమలండి. ముక్కులోకి ఆవ ఘాటు ఎక్కాలి. చప్పగా తీయగా ఉంటే ఇంకొంచెం ఆపండి లేదా సరుకు పాతది.
- ఆవిరి పట్టిన బ్రకోలీ మెరిసే పచ్చరంగులో ఉండాలి, ముల్లు గుచ్చితే దిగుతూ కాస్త ఎదురు తిరగాలి. మట్టి పచ్చగా మారి గంధకం వాసన కొడితే ఎక్కువ ఉడికింది. పారేయకుండా ఆవపొడి చల్లి తినేయండి.
- మలం మెత్తగా, సులభంగా, రోజూ వస్తుంటే పీచు, నీళ్లు సరిపోతున్నాయి. అందులో అవిసె గింజలు గింజలుగానే కనిపిస్తే పొడి ఇంకా మెత్తగా చేయాలి.
- నెలకొకసారి మూడు రోజుల తూకం మళ్లీ వేయండి. రెండో నెలలో అంకె జారిపోవడం సహజం, నాదీ జారింది.
- అరచేతులు, అరికాళ్లు పసుపుపచ్చగా మారుతుంటే క్యారెట్, గుమ్మడి మోతాదు మించింది. తగ్గిస్తే కొన్ని వారాల్లో పోతుంది. కళ్లలోని తెల్లభాగం కూడా పచ్చబడితే అది క్యారెట్ పని కాదు, కామెర్లు. పసుపు లేదా గ్రీన్ టీ మాత్రలు వాడుతుంటే ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.
- బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం, మలం ఎర్రగా రావడం కొందరిలో మామూలే. రెండు రోజులు బీట్‌రూట్ మానినా ఎరుపు కనిపిస్తే, అది రక్తం కావచ్చు. ఇంకో వారం చూద్దామనుకోకుండా పరీక్ష చేయించుకోండి.